పోయిన ముగింపు

కిందటేడు ఓ కథ ముగింపు మూడుసార్లు మార్చాను. చివరికి మొదటిదే బాగుందనిపించింది. తీరా చూస్తే అదేదీ? దానిమీదే దిద్దేశానాయె! ‘గిట్ వాడరాదుటమ్మా’ అన్నాడు మావాడు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం తయారుచేసిన సాధనం. మనం భద్రం చేసిన ప్రతి ప్రతినీ దాచి ఉంచుతుంది. దాని ఆదేశాలు గుర్తుపెట్టుకోవడం నావల్ల కాక ‘లేజీగిట్’ పెట్టించుకున్నాను. పేరులోనే బద్ధకం!

నల్లటి టెర్మినల్‌లో కథల ఫోల్డరుకి వెళ్లి ఆ పేరు ఇంగ్లీషులో కొట్టాలి. కొత్త ఖాతా తెరవనా అన్నట్టు అడుగుతుంది, ‘వై’ అనండి. తెర గళ్లుగళ్లుగా విడిపోతుంది. ఎడమన ఫైళ్లు, కుడివైపు మార్పులు: కొట్టేసింది ఎరుపు, చేర్చింది ఆకుపచ్చ. కథ నోట్‌ప్యాడ్‌లో ఉండాలి సుమండీ. వాక్యానికో లైను చొప్పున రాయండి, లేకపోతే ఒక్కమాట మార్చినా పేరా అంతా ఎర్రబడుతుంది.

ఫైలుమీద స్పేస్ నొక్కి, ‘సి’ కొట్టి, ‘ఉత్తరం చింపలేదు’ లాంటి చిన్న గుర్తు రాస్తే ఆ ప్రతి భద్రం. దాన్నే కమిట్ అంటారు. బయటికి రావడానికి ‘క్యూ’.

‘డి’తో మాత్రం జాగ్రత్త! మొన్న ఫోన్లో మాట్లాడుతూ అది నొక్కి, అడిగినదానికి ఎంటర్ కొట్టేశాను. నాలుగు పేరాలు గల్లంతు. ‘జెడ్’ నొక్కితే కమిట్లు వెనక్కొస్తాయి గానీ, కమిట్ చెయ్యనివి రావట. ఇప్పుడు కుక్కరు కూసినా సరే, ‘సి’ కొట్టాకే లేస్తున్నాను.