పది మీటర్లు మన పిల్లలకు ఎందుకంత దూరమైంది?

జాతరలో బెలూన్లు పేల్చే తుపాకీని మన వాడల పిల్లలు చాలామంది ఒక్కసారైనా పట్టుకునే ఉంటారు. ఆ తుపాకీ, ఒలింపిక్స్‌లో పతకాలు తెచ్చే ఎయిర్ రైఫిల్ రెండూ గాలి ఒత్తిడితో పనిచేసేవే. అయినా షూటింగ్ అనగానే "అది డబ్బున్నోళ్ల ఆట" అనేస్తాం. ఆ మాటలో నిజమెంత? కొత్త పిల్లలు ఈ ఆటలోకి రావాలంటే ఏం చేయాలి?

ముందు ఆట సంగతి చూద్దాం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ అర్హత పోటీలో నిలబడి 60 సార్లు కాల్చాలి. అందుకు గంటంపావు సమయం ఇస్తారు. పెల్లెట్ వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, గురి మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. కండబలం కన్నా ఓపిక, ఊపిరి మీద అదుపు, ప్రతిసారీ ఒకేలా నిలబడగలిగే నిలకడ ఇక్కడ ముఖ్యం. పరుగు పందెంలో వెనకబడే బిడ్డ ఇందులో ముందుండొచ్చు. వినికిడి లేని హైదరాబాద్ యువకుడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్‌లింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. చక్రాల కుర్చీలో కూర్చునే అవనీ లేఖరా టోక్యో, పారిస్ పారాలింపిక్స్ రెండింటిలోనూ స్వర్ణం సాధించింది.

మరి మన పిల్లలకు అడ్డేమిటి?

మొదటిది భయం. మన పెద్దలకు తుపాకీ అంటే దొర గడీ గుర్తొస్తుంది, లేదంటే పోలీసు. బిడ్డ తుపాకీ పడితే కేసవుతుందేమోనని తల్లి జంకుతుంది. ఆ భయం వెనక చరిత్ర ఉంది, కొట్టిపారేయలేం. విడమరిచి చెప్పాలి. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్‌కు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు ఇప్పుడున్న నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. రేంజిలో గొట్టం ఎప్పుడూ గురి వైపే ఉండాలి. కాల్చే క్షణం వరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. గురి దగ్గర మనిషి ఉంటే ఎవరూ తుపాకీ ముట్టకూడదు. తొలిరోజే తల్లిదండ్రుల్ని పిలిచి ఇవన్నీ కళ్లారా చూపిస్తే సగం జంకు పోతుంది.

రెండోది చోటు. 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్య విజేత గగన్ నారంగ్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన ఈషా సింగ్ ఇద్దరూ హైదరాబాద్‌లో ఎదిగినవారే. రేంజి, కోచ్ దొరికేది ఎక్కువగా నగరంలోనే. కానీ ఎయిర్ రైఫిల్ సాధనకు స్టేడియం అక్కర్లేదు. పొడవాటి హాలు, గట్టి గోడ, పెల్లెట్లను ఆపే ఇనుప పెట్టెలు, కాగితపు గురులు, శిక్షణ పొందిన ఒక కోచ్ చాలు.

మూడోది ఖర్చు. పోటీ స్థాయి విదేశీ రైఫిల్ ధర లక్ష రూపాయలు దాటుతుంది. జాకెట్, పెల్లెట్లు అదనం. "డబ్బున్నోళ్ల ఆట" అన్న మాట నిజమయ్యేది ఇక్కడే. అయితే కొత్తగా నేర్చుకునే బిడ్డకు సొంత రైఫిల్ అవసరం లేదు. ఒకే రైఫిల్‌ను పదిమంది వంతులవారీగా వాడుకోవచ్చు. నిలబడటం, గురిపెట్టడం, ట్రిగ్గర్ నొక్కడం పెల్లెట్ లేకుండానే సాధన చేయొచ్చు.

2014 మేలో సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పర్వతారోహణ చవకైన పనేమీ కాదు. శిక్షణ, సామగ్రి వ్యవస్థ ఇచ్చింది, మిగతాది పిల్లలు చేసి చూపించారు. షూటింగ్‌లో అది ఎందుకు కుదరదు? ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. జిల్లాకొక గురుకులంలో 10 మీటర్ల రేంజి, ఒక కోచ్ అంటే నిధులు దారి మళ్లకుండా నేరుగా మన పిల్లలకు చేరే ఖర్చు.

పిల్లల్ని రప్పించడంతో పని అయిపోదు, నిలబెట్టుకోవాలి. దరఖాస్తులు తెలుగులో ఉండాలి. ఆడపిల్లలకు రాకపోకల ఏర్పాటు చూడాలి. ఇంటిపేరు, ఊరు అడిగి అంచనా వేయని కోచ్ కావాలి. నెలనెలా చిన్న పోటీ పెట్టి స్కోరు గోడకు అంటించాలి. ముందు దారేమిటో కూడా చెప్పాలి. 2024 పారిస్‌లో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుశాలే అప్పటికే రైల్వే ఉద్యోగి. క్రీడా కోటా ఉద్యోగాల్లో షూటింగ్‌కూ చోటుంది.

మీ బడిలో ఎన్‌సీసీ ఉంటే కాల్పుల శిక్షణ ఎప్పుడో అడగండి. గురుకులంలో పీఈటీని, జిల్లా క్రీడల అధికారిని రేంజి గురించి అడగండి. నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా అడుగుదాం.