చెరసాల నుండి వచ్చిన సమాధానం

నేటి వాడుకలో ‘సమాధానం’ అంటే జవాబు అనే అర్థమే ఎక్కువగా స్ఫురిస్తుండగా, తెలుగు బైబిలులో అదే మాట శాంతికి పేరుగా నిలిచి, చెదిరిన మనసును ఒకచోట కూర్చి నిలపడమనే పాత అర్థాన్ని కాపాడుకుంది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో అపొస్తలుడు, అంటే సువార్త ప్రకటనకై పంపబడినవాడు, అయిన పౌలు మాసిదోనియాలోని ఫిలిప్పీ సంఘానికి చెరసాల నుండి రాసిన 4 అధ్యాయాల లేఖలో ఈ మాట ప్రత్యేకమైన బలంతో వినిపిస్తుంది. మరణమో విడుదలో తేలని స్థితిలో ఉన్న ఆ ఖైదీ, చింతను విడిచి ప్రతి అవసరాన్నీ కృతజ్ఞతతో దేవునికి విన్నవించుకోవాలనీ, అప్పుడు దైవిక సమాధానం హృదయానికి కావలి కాస్తుందనీ బోధించాడు. ‘కావలి’కి అతడు వాడిన గ్రీకు క్రియ సైనికుల పహరాకు చెందినది, విశ్రాంత రోమన్ సైనికులు స్థిరపడిన ఫిలిప్పీలో దాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. శత్రువు లేడని కాదు, కోట గుమ్మం దగ్గర కాపలా ఉందని దాని భావం.

అయితే ఈ విశ్వాసం తోటివారి పట్ల పట్టింపును చంపదు. చింతకు వాడిన క్రియనే పౌలు అదే లేఖలో తన సహచరుడు తిమోతి ఆ సంఘంపై చూపే శ్రద్ధకూ వాడాడు. ఫిలిప్పీ సంఘం తన దగ్గరికి పంపగా జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లిన ఎపఫ్రొదితు కోలుకోకపోయి ఉంటే తన దుఃఖం రెట్టింపయ్యేదని దాచకుండా ఒప్పుకున్నాడు. బెంగపడే మనిషిని అల్పవిశ్వాసి అని నిందించేవారు ఈ భాగాన్ని నిదానంగా చదవాలి. రోగి మంచం చుట్టూ చేరి, పేరు పెట్టి ప్రార్థించి, వెళ్తూ వెళ్తూ మందులు వేసుకున్నారా అని అడిగే సంఘ పెద్దల మాటలో వినిపించేది ఆ శ్రద్ధే.