సర్వరు కనబడదు, బాధ్యత కనబడాలి

కంప్యూటరు విభాగం అనగానే చల్లని గదిలో వరుసగా నిలిచిన యంత్రాలు మనకు గుర్తుకు వస్తాయి. 2014లో అమెజాన్ సంస్థ ‘లాంబ్డా’ సేవను ప్రకటించిన తరువాత ‘సర్వర్‌లెస్’ అనే మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. పేరును బట్టి సర్వర్లే లేవని భావించరాదు. అవి క్లౌడ్ సంస్థ అధీనంలో ఉంటాయి. ప్రోగ్రాము నడిచిన మేరకు మనం రుసుము చెల్లిస్తాము. సొంత జనరేటరు నడపడానికీ, మీటరు ప్రకారం విద్యుత్తు వాడుకోవడానికీ గల వ్యత్యాసం వంటిదే ఇది.

ఇటువంటి అప్లికేషన్లు రూపొందించేవారు మన కార్యాలయంలోనే కూర్చోవలసిన అవసరం లేదు. విజయనగరంలోని తన ఇంటి నుండే ఒక యువతి ముంబయి కార్యాలయానికి పని చేయగలదు. మన పిల్లలకు సైతం ఇదొక ఉపాధి మార్గమే. అయితే దూరాన ఉన్న డెవలపరును ఎంపిక చేసేటప్పుడు ఏమి పరీక్షించాలి?

తెలిసిన ప్రోగ్రామింగ్ భాషల జాబితా కంటె మూడు ప్రశ్నలు ముఖ్యమని మేము భావిస్తున్నాము. మొదటిది: ఒకే సందేశం రెండుసార్లు అందితే ఏమవుతుంది? ఈ విధానంలో అందుకు అవకాశం ఉన్నది. కనుక ఒక ఉద్యోగి వైద్య ఖర్చుల బిల్లు రెండుమార్లు చెల్లింపు కాకుండా ప్రోగ్రాము గుర్తించగలగాలి. రెండవది: లాంబ్డాలో సాధారణ ఫంక్షను ఒక విడతలో 15 నిమిషాలకు మించి నడవదు. వేలాది మంది జీతాల లెక్కను ఏ విధంగా విభజిస్తారు? మూడవది: ఏ ఫంక్షనుకు ఎంతవరకు అనుమతి ఇస్తారు? సెలవుల లెక్క చూసేదానికి జీతాల పట్టికతో పని లేదు. అన్నింటికీ అన్ని అనుమతులూ ఇచ్చేవారు ఎంత వేగంగా పని చేసినా మనకు తగరు.

ఇక ఒప్పందం విషయం. క్లౌడ్ ఖాతా సంస్థ పేరుననే ఉండాలి. పాస్‌వర్డులను ప్రోగ్రాములో వ్రాయరాదు. ఖర్చు నిర్ణీత హద్దు దాటితే హెచ్చరిక అందాలి. పని ముగిసిన రోజే డెవలపరు ప్రవేశానుమతి రద్దు కావాలి. పని తీరును వివరించే పత్రాలు అందిన పిదపనే చివరి చెల్లింపు జరగాలి. కేంద్ర ప్రభుత్వానికి చెందిన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో జారీ చేసిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి; నిర్దేశించిన సైబరు ఘటనలను గుర్తించిన 6 గంటలలోపు తెలియజేయాలి. డెవలపరు ఎక్కడ ఉన్నా ఈ బాధ్యత సంస్థదే.

ఆ ప్రోగ్రాములలో నడిచే ఆసుపత్రి బిల్లులు, బ్యాంకు ఖాతాల సంఖ్యలు మన కుటుంబాలవే. యంత్రాన్ని అద్దెకు తీసుకోవచ్చు, నైపుణ్యాన్ని దూరం నుండి పొందవచ్చు. జవాబుదారీతనాన్ని మాత్రం మనమే వహించాలి.