మీ ప్రైవేట్ సాంగ్ సినిమాలోకి, యాడ్‌లోకి వెళ్లాలంటే.. ట్యూన్ ఒక్కటే చాలదు, కాగితం కూడా కావాలి!

2021లో 'బుల్లెట్టు బండి' పాట పెళ్లి బరాత్‌లను ఎలా ఊపేసిందో గుర్తుందిగా? అది సినిమా పాట కాదు. ప్రైవేట్ సాంగ్. ఇప్పుడు ఊరూరా అలాంటి పాటలు చేసే కుర్రాళ్లున్నారు. మరి అలాంటి పాటను ఓ వెబ్ సిరీస్ వాళ్లో, బిస్కెట్ కంపెనీ యాడ్ వాళ్లో వాడుకుంటామని అడిగితే? డబ్బులొస్తాయి, పేరూ వస్తుంది. కానీ చాలాసార్లు ఆ డీల్ ఒకే ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. అదేంటంటే.. "ఇంతకీ ఈ పాట ఎవరిది?"

వినేవాళ్లకు అది ఒక్కటే పాట. చట్టం లెక్క వేరు. సాహిత్యం ఒక ఆస్తి, ట్యూన్ ఒక ఆస్తి, స్టూడియోలో చేసిన రికార్డింగ్ మరో ఆస్తి. దృశ్యానికి పాటను జోడించాలంటే సాహిత్యం, ట్యూన్ ఉన్నవాళ్ల నుంచి సింక్ లైసెన్స్ తీసుకోవాలి. రికార్డింగ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల నుంచి మాస్టర్ లైసెన్స్ తీసుకోవాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే పని జరగదు.

2024లో 'మంజుమ్మెల్ బాయ్స్' టీమ్‌కు ఇళయరాజా నోటీసు పంపింది ఇలాంటి గొడవ మీదే. 'గుణ' పాటకు ఆడియో కంపెనీల దగ్గర రైట్స్ తీసుకున్నామని నిర్మాతలన్నారు. మరి పాట చేసిన నా అనుమతి ఏదని ఆయన అడిగారు. అంత పెద్ద సినిమాకే తిప్పలు తప్పలేదంటే, లీగల్ టీమ్‌లు ఎందుకు భయపడతాయో అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడే ఇండిపెండెంట్ ఆర్టిస్టులకు ఓ అడ్వాంటేజ్ ఉంది. పాత హిట్ పాట కావాలంటే లేబుల్ చుట్టూ, రచయిత వారసుల చుట్టూ తిరగాలి. అదే రాసింది, కట్టింది, రికార్డ్ చేయించింది మీరే అయితే.. ఒక్క సంతకంతో పని అయిపోతుంది. ఎడిటింగ్ టేబుల్ మీద రేపటికల్లా పాట కావాలనుకునే డైరెక్టర్‌కు ఇంతకంటే ఏం కావాలి? ప్రతీక్ కుహాడ్ ఇండిపెండెంట్‌గా చేసిన 'కసూర్' 2021లో నెట్‌ఫ్లిక్స్ సినిమా 'ధమాకా'లో వినిపించింది. ముంబై ర్యాపర్లు డివైన్, నేజీల 'మేరే గల్లీ మే' 2019లో 'గల్లీ బాయ్' సినిమాలోకి కొత్త రూపంలో వెళ్లింది.

తెలుగు సినిమాలో ఈ దారి ఇంకా ఇరుకే. పాటలన్నీ ఒకే మ్యూజిక్ డైరెక్టర్ చేతిలో ఉండటం మన అలవాటు. కాబట్టి వెబ్ సిరీస్‌లు, డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిల్మ్‌లు, డిజిటల్ యాడ్స్ వైపు ముందు చూడటం మంచిది. సీన్‌లో ఆటోలోనో, టీ కొట్టు రేడియోలోనో వినిపించే పాట కూడా లైసెన్స్ కిందికే వస్తుంది, మర్చిపోవద్దు.

అసలు చిక్కు ఎక్కడ?

ఓ సీన్ ఊహించుకోండి. నలుగురు ఫ్రెండ్స్. ఒకడు రాశాడు, ఒకడు ట్యూన్ కట్టాడు, ఒకమ్మాయి పాడింది, స్టూడియో ఖర్చు ఓ యూట్యూబ్ ఛానల్ పెట్టుకుంది. బీట్ ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరికింది. ఎవరూ ఏమీ రాసుకోలేదు. మనోళ్లే కదా! పాట హిట్టయింది, యాడ్ ఏజెన్సీ ఫోన్ చేసింది.

ఇప్పుడు చూడండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కు ఓనర్ దాని నిర్మాత. అంటే చొరవ తీసుకుని, బాధ్యత మోసినవాళ్లు. ఈ సీన్‌లో అది ఛానల్ అయ్యే అవకాశమే ఎక్కువ. సాహిత్యం, ట్యూన్ మాత్రం రాసివ్వనంతవరకు ఆ ఇద్దరు కుర్రాళ్లవే. పాడిన అమ్మాయికీ పెర్ఫార్మర్‌గా హక్కులున్నాయి. ఇక ఆ ఫ్రీ బీట్! ఇలాంటివి చాలావరకు సొంత వాడకానికే అని షరతు పెట్టి ఇస్తారు. సినిమాకు, యాడ్‌కు వాడాలంటే బీట్ చేసినవాళ్ల దగ్గర విడిగా కొనాలి. అది ఏ దేశంలో ఎవరు చేశారో వెతికేలోపు ఏజెన్సీ వేరే పాట పెట్టేసుకుంటుంది.

దీనికి మందు పెద్ద లాయరేం కాదు. రికార్డింగ్ రోజే ఒక పేజీ రాసుకుంటే చాలు. ఎవరి వాటా ఎంత, బయటివాళ్లకు లైసెన్స్ ఇచ్చే అధికారం ఎవరిది అని. అందరూ సంతకాలు పెట్టాలి. పాట హిట్ కాకముందే పెట్టాలి, తర్వాత అయితే లెక్కలు మారిపోతాయి!

జానపదం విషయంలో జాగ్రత్త

2021లో 'లవ్ స్టోరీ' సినిమా 'సారంగ దరియా' మీద రేగిన వివాదం తెలిసిందే. అంతకుముందు ఓ టీవీ షోలో ఆ జానపదం పాడిన గాయని అభ్యంతరం చెప్పారు. ఎవరు కట్టారో తెలియకుండా తరాలుగా వస్తున్న పాట మీద ఒక్కరికి కాపీరైట్ దొరకడం కష్టం. మీరు చేసిన రికార్డింగ్, మీరు కొత్తగా కలిపిన చరణాలు మాత్రం మీవే. అంటే.. మీ ఆడియో వాడుకుంటే మిమ్మల్ని అడగాలి. అదే పాటను వాళ్లు వేరే గొంతుతో మళ్లీ పాడించుకుంటే ఆపడం కష్టం. సేకరించి తెచ్చినవాళ్లకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ చట్టం ఇప్పటికి ఇంతే.

సంతకానికి ముందు..

డీల్ కాగితంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇది "లైసెన్స్" ఇవ్వడమా, "అసైన్‌మెంటా" అని. లైసెన్స్ అంటే ఇల్లు అద్దెకివ్వడం. అసైన్‌మెంట్ అంటే రాసిచ్చేయడం. ఏ సినిమాకు, టీవీకా డిజిటల్‌కా థియేటర్‌కా, ఎన్నాళ్లు, ఏయే దేశాల్లో అన్నది స్పష్టంగా ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని చట్టం అనుకుంటుంది. అందుకే పెద్ద కంపెనీలు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని మర్చిపోకుండా రాస్తాయి. యాడ్ అయితే మరో మెలిక.. ఒక బిస్కెట్‌కు ఎక్స్‌క్లూజివ్‌గా ఇస్తే ఇంకో బిస్కెట్‌కు ఇవ్వలేరు. దానికి తగ్గట్టు ఎక్కువ అడగాలి. "ఫీజు లేదు గానీ మంచి ఎక్స్‌పోజర్ వస్తుంది" అని వచ్చే యాడ్ ఫోన్లకు మర్యాదగా నో చెప్పడమే బెటర్. కెమెరామెన్‌కు, ఎడిటర్‌కు అలా చెప్పరు కదా!

ఒక ఊరట ఉంది. 2012లో చట్టాన్ని సవరించాక గేయ రచయిత, సంగీత దర్శకుడు రాయల్టీ హక్కును నిర్మాతకు వదిలేస్తున్నామని రాసినా ఆ షరతు చెల్లదు. ఆ డబ్బు ఐపీఆర్ఎస్ సొసైటీ ద్వారా వస్తుంది, ముందు సభ్యులవ్వాలి. సింక్ లైసెన్స్ మాత్రం ఆ సొసైటీ ఇవ్వదు, హక్కుదారులే ఇచ్చుకోవాలి. టీవీలో, ఓటీటీలో పాట వచ్చిందంటే క్యూ షీట్‌లో మీ పేరు, వాటా సరిగా పడ్డాయో లేదో అడిగి చూసుకోండి. అందులో పేరు లేకపోతే రాయల్టీ మీ దాకా రావడం కష్టం.

ఫైళ్లు కూడా రెడీగా ఉండాలి. డబ్ల్యూఏవీ క్వాలిటీ, గొంతు లేని ఇన్‌స్ట్రుమెంటల్, వాయిద్యాల ట్రాక్‌లు విడివిడిగా. డైలాగ్ వచ్చేచోట ఇన్‌స్ట్రుమెంటలే ఎక్కువ పనికొస్తుంది మరి. ఇంకో మాట.. మీ పాట యూట్యూబ్ కంటెంట్ ఐడీలో ఉంటే, యాడ్ అప్‌లోడ్ అవ్వకముందే ఆ బ్రాండ్ ఛానల్‌కు మినహాయింపు పెట్టించండి. లేదంటే డబ్బులిచ్చి కొనుక్కున్నవాళ్ల వీడియో మీదే మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది!

అడగకుండానే వాడేస్తే? 2022లో 'కాంతార' పాట 'వరాహ రూపం' తమ 'నవరసం'లా ఉందని కేరళ బ్యాండ్ తైక్కుడం బ్రిడ్జ్ కోర్టుకెక్కింది. సినిమా టీమ్ దాన్ని ఖండించింది. అయినా కోర్టు ఆర్డర్ వల్ల మొదట్లో ఓటీటీలో పాట మారి వచ్చింది, ఆర్డర్ తొలగాక పాత వెర్షన్ తిరిగొచ్చింది. ఒక బ్యాండ్ కూడా గట్టిగా నిలబడొచ్చన్నమాట. కాపీరైట్ పాట పుట్టగానే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే కోర్టులో అడిగేది రుజువు. కాబట్టి ఒరిజినల్ ప్రాజెక్ట్ ఫైల్, తేదీలున్న మెయిల్స్, మొదటిసారి ఫోన్‌లో రికార్డ్ చేసుకున్న ఆ గరగర ఆడియో.. ఏదీ డిలీట్ చేయొద్దు.