నవజాత శిశువు శ్వాస - పరికరాల విపణి

పుట్టిన ప్రతి నూరుమంది శిశువులలో అయిదు నుండి పదిమందికి ఊపిరి అందుకొనుటకు ఇతరుల సాయం అవసరమవుతుంది. వారిలో అత్యధికులకు ఒళ్ళు తుడిచి, వీపు నిమిరి, అప్పటికీ ఊపిరి రాకపోతే చేతితో నొక్కే గాలిసంచి, మాస్కుల సాయంతో కొద్దిసేపు గాలి అందిస్తే చాలు. సంచి ఖరీదు స్వల్పం. దానిని నొక్కే చేతికి శిక్షణ ఉండుటే ముఖ్యం.

నెలలు నిండక పుట్టిన శిశువుల సంగతి వేరు. ఊపిరితిత్తులలోని గాలిగదులు ముడుచుకొని పోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పలుచని పొర వీరిలో చాలినంతగా ఉండదు. ఈ విషయాన్ని 1959లో అమెరికాకు చెందిన మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ వెల్లడించారు. 1963లో అధ్యక్షుడు కెనెడీ కుమారుడు పాట్రిక్ ఈ వ్యాధితోనే రెండు దినాలైనా నిండకుండా మరణించాడు. ఎంత ధనమున్నా కొనుటకు ఆనాడు తగిన మందుగాని, యంత్రంగాని విపణిలో లేదు.

నేడు రెండూ ఉన్నవి. 1971లో జార్జి గ్రెగరీ బృందం ప్రకటించిన సీపాప్ పద్ధతిలో శిశువు ముక్కుకు నిరంతరం స్వల్ప పీడనంతో గాలి అందుతుంది. దీనిలో సులభమైన రకం బబుల్ సీపాప్. గాలి బయటకు పోయే గొట్టం చివరను నీటిసీసాలో 5 సెంటీమీటర్ల లోతున ముంచితే అంతమేరకు పీడనం నిలుస్తుంది. బుడగలు ఆగినచో ఎక్కడో గాలి జారిపోతున్నదని నర్సు గ్రహించవచ్చు. రైస్ విశ్వవిద్యాలయం వారు చేపలతొట్టి పంపులతో తక్కువ ఖర్చులో ఇట్టి పరికరాన్ని రూపొందించి, మలావీలోని బ్లాంటైర్ ఆసుపత్రిలో పరీక్షించారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఈ వ్యాధి సోకిన శిశువులలో బ్రతికినవారు సుమారు 24 శాతం నుండి 65 శాతానికి పెరిగారు.

మన దేశంలో చిన్న పట్టణాల నర్సింగ్ హోములు ఇట్టి పరికరాల కొరకు ఋణం కోరుతున్నవి. ప్రాజెక్టు నివేదికలో యంత్రం ధర ఘనంగా కనిపిస్తుంది. ముక్కుగొట్టాలు, వాటి వివిధ పరిమాణాలు, గాలిని, ఆక్సిజన్‌ను తగుపాళ్ళలో కలిపే పరికరం, రేయింబవళ్ళు ఉండవలసిన నర్సుల జీతాలు, జనరేటరు ఖర్చు మాత్రం ఒకటి రెండు పంక్తులలో ముగుస్తాయి. యంత్రాలు మూలపడేది తరచుగా ఈ పంక్తుల దగ్గరనే. రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే పల్స్ ఆక్సిమీటరు లేని ప్రతిపాదనను మంజూరు చేయరాదు. కొలత లేని ఆక్సిజన్ నెలలు నిండని శిశువు కంటి రెటీనాను చెరుపుతుంది. ప్రాణం దక్కినా చూపు పోవచ్చును.

ఆదాయపు అంచనాను కూడ జాగ్రత్తగా చూడవలెను. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో జబ్బుపడిన నవజాత శిశువులకు చికిత్స ఉచితం. జిల్లా ఆసుపత్రిలోని ప్రత్యేక నవజాత శిశు విభాగం ఎంత దూరంలో ఉన్నదో, అక్కడ పడకలు చాలుతున్నవో లేదో తెలియకుండా పడకల వినియోగాన్ని లెక్కకట్టుట ఊహ మాత్రమే.

ఋణం విడుదలైన పిమ్మట తనిఖీకి వెళ్ళే అధికారి బిల్లులు, యంత్రం నెంబరు సరిచూచుకొని తిరిగివచ్చుట పరిపాటి. యంత్రాన్ని నడిపించమని అడిగి, సీసాలో బుడగలు వచ్చుచున్నవో లేదో చూచుటకు మరి అయిదు నిమిషాలు చాలు.