అండమాన్‌లో ఏం కొనాలి?

బెంగళూరులో విమానమెక్కి అండమాన్ చూసివచ్చే వాళ్లు మన సరిహద్దు జిల్లాల్లోనూ ఉన్నారు. అక్కడ ఏం కొనాలి, ఏం కొనరాదు అనేది ఈనాటి మన ముచ్చట.

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడి పెద్ద అంగడివీధి అబర్డీన్ బజారు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడినవారు చాలామంది ఉన్నారు కనుక కొన్ని అంగళ్లలో బేరం తెలుగులోనే ఆడవచ్చు. అయితే ముందు ‘సాగరిక’ అనే ప్రభుత్వ ఎంపోరియంలో ధరలు చూసుకోండి. గవ్వల దండలు, కొబ్బరిచిప్ప వస్తువులు, పడౌక్ కలప బొమ్మలు దొరుకుతాయి. ఈ పడౌక్ మన ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. ఎర్రచందనానికి కాగితాలు అడిగినట్టే, అక్కడి కలపకూ గవ్వలకూ అడుగుతారు. రసీదు తప్పక తీసుకోండి.

పగడపు రాయిని మాత్రం కొనరాదు, ఒడ్డున ఏరుకోనూ రాదు. చూడటానికి రాయే గాని, అది సముద్రంలోని చిన్నచిన్న ప్రాణులు కట్టుకున్న గూడు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2001లో పగడాలను కూడా అందులో చేర్చారు. పిల్లవాడు ముచ్చటపడి జేబులో వేసుకున్న ముక్క విమానాశ్రయం తనిఖీలో బయటపడినా చిక్కే. ‘తెలియదండీ’ అంటే చట్టం వినదు. కాబట్టి బయలుదేరేముందు పిల్లల జేబులు, సంచులు ఒకసారి దులపండి.

ఒడ్డున పడి ఉన్న ఖాళీ గవ్వనూ అక్కడే వదిలేయండి. అందులో కాపురం పెట్టే పీతలున్నాయి. మన అలమరాలో అది అలంకారం, వాటికి అదే ఇల్లు.