వీసా రిజెక్ట్ అయ్యాక మళ్లీ అప్లై చేస్తున్నారా? బ్యాలెన్స్ పెంచితే చాలదు, ఆ డబ్బు ఎక్కడిదో చూపించాలి

మీరు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నారు. అమ్మానాన్న ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం మండలంలో ఉంటారు. ఐదెకరాల్లో మిర్చి, పత్తి వేస్తారు. విదేశీ యూనివర్సిటీలో సీటు వచ్చింది కానీ వీసా రాలేదు. బంధువుల్లో ఒకరు ‘ఖాతాలో ఇంకో పది లక్షలు వేసి మళ్లీ పెట్టండి’ అంటున్నారు. కన్సల్టెన్సీ వాళ్లు ‘ఫండ్స్ మేం చూపిస్తాం, కమీషన్ ఇస్తే చాలు’ అంటున్నారు.

ఇది ఊహించి చెప్పిన కుటుంబమే అయినా, ఇలాంటి ఇళ్లు తెలంగాణలో చాలా ఉన్నాయి. రెండోసారి అప్లై చేసేటప్పుడు ఎక్కువ మంది చేసే పొరపాటు బ్యాలెన్స్ అంకెను పెంచడం. వీసా అధికారి అంకె ఒక్కటే చూడరు. డబ్బు ఎవరిది, ఎలా వచ్చింది, చదువుకు నిజంగా వాడుకోగలరా, మొదటిసారి చెప్పిన లెక్కతో సరిపోతోందా అన్నది చూస్తారు. ఈ నాలుగింటికీ కాగితంతో జవాబు చెప్పగలిగితేనే మళ్లీ ఫీజు కట్టడంలో అర్థం ఉంటుంది.

రిజెక్ట్ అయింది డబ్బు వల్లేనా?

ముందు దీన్ని తేల్చుకోండి. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా తిరస్కరణ లేఖలో కారణం రాస్తాయి. అందులో నిధుల ప్రస్తావన ఉందో లేదో మీరే చదవండి. కన్సల్టెన్సీ చెప్పిన మాటతో సరిపెట్టుకోవద్దు.

అమెరికా సంగతి వేరు. అక్కడ ఎఫ్-1 వీసాలు ఎక్కువగా 214(బి) సెక్షన్ కింద తిరస్కరణకు గురవుతాయి. చేతికిచ్చే కాగితంలో మీకు ప్రత్యేకమైన కారణం ఉండదు. చదువు పూర్తయ్యాక తిరిగొస్తారన్న నమ్మకం కలగకపోయినా, కోర్సు ఎందుకు ఎంచుకున్నారో చెప్పలేకపోయినా, ఖర్చు ఎవరు భరిస్తారో స్పష్టంగా లేకపోయినా అదే సెక్షన్. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలను ఆ రోజే వరుసగా రాసి పెట్టుకోండి. ‘మీ స్పాన్సర్ ఎవరు? ఆయన ఏం చేస్తారు? ఆదాయం ఎంత?’ దగ్గర సంభాషణ ఆగిపోయిందంటే నిధుల విషయంలో అనుమానం వచ్చిందని ఊహించవచ్చు. కోర్సు ప్రశ్న దగ్గరే తడబడి ఉంటే, ఖాతాలో కోటి రూపాయలు వేసినా లాభం లేదు.

ఇంకో తేడా గమనించండి. 221(జి) అని రాసిన కాగితం ఇస్తే, అదనపు పత్రాలు లేదా పరిశీలన కావాలని అర్థం. అప్పుడు కొత్త దరఖాస్తు కాదు, అడిగినవి ఇవ్వాలి.

ఏ దేశం ఎంత చూపించమంటుంది?

అమెరికా: నిర్ణీత మొత్తం లేదు. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20లో ట్యూషన్, నివాస ఖర్చులు కలిపి రాసిన అంకే ప్రమాణం. మొదటి సంవత్సరం ఖర్చుకు చేతిలో డబ్బు ఉండాలి. ఆ తర్వాతి సంవత్సరాలకూ వస్తుందన్న నమ్మకం కలిగించాలి.

బ్రిటన్: ఇక్కడ లెక్క కచ్చితం. ట్యూషన్‌లో మిగిలిన బాకీకి తోడు, 2025 నవంబరు 11 నుంచి లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, లండన్ వెలుపల 1,171 పౌండ్లు చూపాలి. గరిష్ఠంగా తొమ్మిది నెలలకు లెక్కిస్తారు. అంటే లండన్‌లో 13,761, వెలుపల 10,539 పౌండ్లు. ఈ మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆ 28 రోజుల్లో చివరి రోజు, దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపే ఉండాలి. ఫీజు కొంత ముందే కట్టి ఉంటే అది యూనివర్సిటీ ఇచ్చే క్యాస్‌లో నమోదైందో లేదో చూసుకోండి.

కెనడా: క్యుబెక్ కాకుండా మిగతా ప్రావిన్సులకు, 2025 సెప్టెంబరు 1 నుంచి ఒక్కరికి 22,895 కెనడా డాలర్లు. ట్యూషన్, ప్రయాణ ఖర్చులు దీనికి అదనం. జీఐసీ డిపాజిట్, విద్యా రుణం, గత నాలుగు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు వంటివి రుజువుగా పెట్టవచ్చు. త్వరగా తేల్చే ఎస్‌డీఎస్ విధానం 2024 నవంబరులో ఆగిపోయింది. కాబట్టి జీఐసీ ఒక్కటి ఉంటే చాలన్న పాత సలహాను నమ్మొద్దు.

ఆస్ట్రేలియా: ఏడాది నివాస ఖర్చుకు 29,710 ఆస్ట్రేలియా డాలర్లు, దానికి ట్యూషన్, ప్రయాణం అదనం. జర్మనీ: బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు.

ఈ అంకెలు మారుతుంటాయి. దరఖాస్తు రోజున ఆయా ప్రభుత్వాల అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. రూపాయి విలువ రోజూ మారుతుంది కనుక అంచుమీద కాకుండా కాస్త ఎక్కువే చూపించండి.

ఖాతా ఎవరి పేరున ఉండాలి?

బ్రిటన్‌కు విద్యార్థి, తల్లిదండ్రులు, చట్టబద్ధ సంరక్షకుల ఖాతాలే పనికొస్తాయి. బాబాయి, మేనమామ, అన్నయ్య ఖాతాలో ఎంత ఉన్నా లెక్కలోకి రాదు. నాన్న ఖాతా చూపిస్తే మీ జనన ధ్రువపత్రం, ఈ డబ్బు చదువుకు వాడుకోవచ్చని ఆయన రాసిన సమ్మతి లేఖ జతచేయాలి. అమెరికాకు బంధువులు స్పాన్సర్‌గా ఉండొచ్చు. అయితే ‘మేనమామ మీకు అంత డబ్బు ఎందుకు ఇస్తున్నారు?’ అన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు ఉండాలి. సొంత పిల్లల చదువుల ఖర్చు పోగా ఆయనకు ఎంత మిగులుతుందన్నదీ అడగొచ్చు.

రైతు కుటుంబం ఆదాయాన్ని ఎలా రుజువు చేయాలి?

ఉద్యోగి అయితే పే స్లిప్పులు, ఫారం-16, ఐటీ రిటర్నులు ఉంటాయి. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. అందుకే చాలా మంది రైతులు రిటర్నులు వేయరు. ఆదాయం ఉన్నా కాగితం ఉండదు. ఇక్కడే ఫైలు బలహీనపడుతుంది.

అమ్మకాల జాడ బ్యాంకులో ఉందో లేదో ముందు చూడండి. కొనుగోలు కేంద్రంలో అమ్మిన ధాన్యం, సీసీఐకి అమ్మిన పత్తి డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. ఆ ఎంట్రీలు మంచి రుజువు. ఖమ్మం మార్కెట్‌లో మిర్చి అమ్మితే తక్‌పట్టీ ఇస్తారు. దాన్ని పారేయొద్దు. మార్చిలో ఖాతాలో పడిన మూడు లక్షలకు అదే తేదీ తక్‌పట్టీ జత చేస్తే ప్రశ్న అక్కడితో ముగుస్తుంది. తక్‌పట్టీ, పట్టాదారు పాస్‌బుక్ వంటి తెలుగు పత్రాలకు ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం జతచేయండి. వీలైతే రెండు మూడేళ్ల అమ్మకాలను ఒకే పేజీలో పట్టికగా రాసి, పక్కన బ్యాంకు ఎంట్రీ తేదీ వేయండి.

ఇంకో చిక్కు ఆదాయ ధ్రువపత్రం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు గ్రామాల్లోని బీసీ, ఈబీసీ కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి 1.5 లక్షలు. డిగ్రీ చదివేటప్పుడు ఆ పరిమితి లోపు ఆదాయమని మీసేవలో పత్రం తీసుకుని, ఇప్పుడు ఏడాదికి 15 లక్షల ఆదాయం అని వీసా ఫారంలో రాస్తే రెండు లెక్కలూ ఢీకొంటాయి. ఈ మధ్యలో నిజంగానే ఏదైనా మారి ఉంటే, ఉదాహరణకు ప్లాటు అమ్మితే, రిజిస్ట్రేషన్ కాగితంతో చూపించండి. మారనప్పుడు కొత్త అంకె సృష్టించొద్దు. ఉన్న ఆదాయాన్ని ఉన్నట్టే చెప్పి, మిగతాది విద్యా రుణంతో నింపడమే భద్రమైన దారి. తక్కువ ఆదాయం ఉన్నంత మాత్రాన వీసా ఆగిపోదు. ఆదాయానికీ చూపిన డబ్బుకూ పొంతన లేకపోతేనే అనుమానం వస్తుంది.

భూమి, బంగారం చూపిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఎకరం ధర ఎంత పలికినా భూమితో సెమిస్టర్ ఫీజు కట్టలేరు. బ్రిటన్ భూమి, బంగారం, షేర్లను నిధులుగా లెక్కించదు. అమెరికాలో భూమి పత్రాలు కుటుంబ స్థోమతకు, ఊరితో ఉన్న అనుబంధానికి తోడ్పాటే తప్ప నగదుకు ప్రత్యామ్నాయం కావు. భద్రాచలం వైపు అటవీ గ్రామాల కుటుంబాలు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసులకు సంక్రమిస్తుంది కానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. దానికి మార్కెట్ విలువ కట్టి ఆస్తిగా చూపితే ఫైలు విశ్వసనీయతే దెబ్బతింటుంది.

ఆస్తుల విలువపై సీఏ సర్టిఫికెట్ తీసుకుంటే దానిపై యూడీఐఎన్ నంబరు ఉందో లేదో చూడండి. ఆ నంబరుతో సర్టిఫికెట్ అసలుదో కాదో ఆన్‌లైన్‌లో ఎవరైనా తెలుసుకోవచ్చు.

లోన్ ఉంటే ఏం చూసుకోవాలి?

సక్రమంగా మంజూరైన విద్యా రుణం రైతు కుటుంబానికి అన్నిటికన్నా బలమైన రుజువు. ఆదాయం, ఆస్తి పత్రాలను బ్యాంకు అప్పటికే ఒకసారి పరిశీలించి ఉంటుంది. అయితే ‘సూత్రప్రాయ ఆమోదం’ అని రాసిన లేఖ, తుది శాంక్షన్ లెటర్ ఒకటి కాదు. లేఖలో మీ పేరు, యూనివర్సిటీ, కోర్సు, మొత్తం, తేదీ స్పష్టంగా ఉండాలి. బ్రిటన్‌కు ఆ లేఖ దరఖాస్తు తేదీకి ఆరు నెలల లోపుదై ఉండాలి. విదేశీ చదువుకు పెద్ద మొత్తం కావాలంటే బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తీసుకోవు, ఇల్లు లేదా ప్లాటు కోరతాయి. అందుకే సీటు వచ్చాక కాదు, యూనివర్సిటీలకు అప్లై చేసేటప్పుడే బ్యాంకుకు వెళ్లాలి. పీఎం విద్యాలక్ష్మి పథకం దేశంలోని ఎంపిక చేసిన విద్యాసంస్థలకే వర్తిస్తుంది, విదేశీ చదువుకు కాదు.

ఓవర్సీస్ విద్యానిధి ఉందిగా?

ఉంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. కానీ మొదటి విడత ఆ దేశంలో దిగిన రుజువు ఇచ్చాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక వస్తుంది. అంటే వీసా ఇంటర్వ్యూ నాటికి ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. మొదటి ఏడాది ఖర్చుకు దానిమీదే ఆధారపడితే ఫైలు నిలవదు.

మొన్ననే పడిన డబ్బు, కన్సల్టెన్సీ ‘ఫండ్స్’

ఏడాదంతా 40 వేలు దాటని ఖాతాలో ఇంటర్వ్యూకు వారం ముందు 25 లక్షలు పడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. పెద్ద జమ ప్రతిదానికీ ఒక కాగితం ఉండాలి: ఎఫ్‌డీ మూసిన రసీదు, చిట్టీ పాడిన పత్రం, ప్లాటు అమ్మిన డాక్యుమెంట్, పీఎఫ్ విత్‌డ్రాయల్. కాగితం లేని జమను ఎంత అందమైన లేఖా కాపాడదు.

కమీషన్‌కు బ్యాలెన్స్ చూపించే వాళ్లను, స్టేట్‌మెంట్ ‘తయారు’ చేసి ఇచ్చేవాళ్లను దూరం పెట్టండి. పత్రాలు నకిలీవని తేలితే అమెరికాలో శాశ్వతంగా అనర్హులు కావచ్చు. బ్రిటన్ పదేళ్ల వరకు, కెనడా ఐదేళ్లు, ఆస్ట్రేలియా మూడేళ్లు తలుపు మూస్తాయి. పత్రం ఎవరు తయారు చేసినా, పాస్‌పోర్టు మీది. వీసా వచ్చినా గండం గడిచినట్టు కాదు. విమానాశ్రయంలోనూ అధికారులు పత్రాలు అడగొచ్చు.

మళ్లీ అప్లై చేసేముందు

పాత దరఖాస్తును బయటకు తీయండి. అప్పుడు స్పాన్సర్ నాన్న, ఇప్పుడు బాబాయి అయితే ఎందుకు మారిందో చెప్పగలగాలి. అమెరికాకైతే ఐ-20లో నిధుల వివరాలు మారినా, కోర్సు ప్రారంభ తేదీ దాటిపోయినా యూనివర్సిటీని అడిగి కొత్త ఐ-20 తీసుకోండి. కొత్త డీఎస్-160 నింపాలి. 185 డాలర్ల వీసా ఫీజు మళ్లీ కట్టాలి. 350 డాలర్ల సెవిస్ ఫీజును మాత్రం, తిరస్కరణ జరిగిన 12 నెలల లోపు అదే తరహా వీసాకు అప్లై చేస్తే సాధారణంగా మళ్లీ అడగరు. 214(బి)పై అప్పీలు లేదు. ఎప్పుడైనా అప్లై చేయవచ్చు కానీ, పాత కాగితాలతోనే వెళ్తే పాత జవాబే వస్తుంది. బ్రిటన్ తిరస్కరణలో అధికారి లెక్క తప్పారనిపిస్తే కొత్తగా అప్లై చేయక్కర్లేదు. 28 రోజుల్లో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ కోరవచ్చు.

ముందు రిజెక్ట్ అయిన సంగతి దాచొద్దు. ఆ దేశం ఫారమే కాదు, చాలా దేశాల ఫారాలు ఇతర దేశాల తిరస్కరణల గురించి కూడా అడుగుతాయి.

చివరిగా ఇంట్లో కూర్చుని ఒక లెక్క వేసుకోండి. లోన్ రాకుండా, ఖాతాలో చూపడానికే రెండు రూపాయల వడ్డీకి తెస్తే అది ఏడాదికి 24 శాతం. 25 లక్షలకు ఏడాది వడ్డీయే 6 లక్షలు. వీసా వచ్చాక ఆ అప్పు తిరిగి ఇచ్చేస్తే ఫీజుకు డబ్బు ఉండదు, ఇవ్వకపోతే మిర్చి పంట మీద వచ్చేదంతా వడ్డీకే పోతుంది. అలాంటప్పుడు అడ్మిషన్‌ను తర్వాతి సీజన్‌కు వాయిదా వేయమని యూనివర్సిటీకి రాయండి, చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. ఈలోగా లోన్ మంజూరు చేయించుకుని, ఈ పంట డబ్బును ఖాతా ద్వారానే తీసుకోండి. ఆరు నెలలు ఆలస్యమైనా, ఇంటర్వ్యూలో ‘ఈ డబ్బు ఎక్కడిది?’ అని అడిగితే తడుముకోకుండా చెప్పగలుగుతారు.